ఆకాశానికి మూత లేదు, పందిరి వుంది
హరితగృహ ప్రభావం గురించి నాలుగు తేలిక ప్రయోగాలు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

సైన్సు ఎగ్జిబిషన్ ఎక్కడ జరిగినా ఒక బల్ల మీద రెండు గాజు సీసాలు తప్పకుండా కనబడతాయి. ఒకదానికి మూత వుంటుంది, ఒకదానికి వుండదు. రెండింటిలోనూ థర్మామీటర్లు. మూత వున్న సీసాలో ఉష్ణోగ్రత ఎక్కువగా వుంటుంది. వెనక అట్ట మీద "హరితగృహ ప్రభావం" అని రంగు అక్షరాలతో రాసి వుంటుంది. చూసినవాళ్లు తల ఊపి పక్క బల్లకు పోతారు.

ఆ ప్రయోగం చెడ్డదని నేను అనను. కాని అది దేన్ని రుజువు చేస్తుంది, దేన్ని చెయ్యదు అని ఆగి అడిగేవాళ్లు తక్కువ. భూమి వేడెక్కుతోందని నమ్మేవాళ్లున్నారు, అదంతా వట్టిదనేవాళ్లూ వున్నారు. ఇద్దరి కళ్లముందూ వున్న సాక్షి మాత్రం ఆ మూత పెట్టిన సీసాయే. ఆ సాక్షి ఎదురు ప్రశ్నలకు నిలబడేది కాదు. నిలబడని సాక్షిని బోనెక్కిస్తే నిజమైన కేసు కూడా కొట్టేస్తారని పల్లెటూళ్లలో కోర్టుల చుట్టూ తిరిగిన ఎవరిని అడిగినా చెబుతారు. అందుకని పెద్దగా ఖర్చు లేకుండా మనం చెయ్యగలిగిన నాలుగు ప్రయోగాలను వరసగా చెప్పి, ఒక్కొక్కటి ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం. మాది గుంటూరు ప్రాంతంలో మిరప, వరి పండించే కుటుంబం గనుక ఉదాహరణలు కొన్ని మా కల్లం నుంచి, మా మాగాణి నుంచి వస్తాయి. పెద్దలు మన్నించాలి.

ముందుగా అసలు సంగతి

సూర్యుడి నుంచి భూమికి వచ్చే శక్తిలో ఎక్కువ భాగం కంటికి కనబడే వెలుగూ, దానికి దగ్గరగా వుండే కిరణాలూ. ఆ వెలుగులో చాలా భాగం గాలిని దాటి నేలను చేరి, నేలను వేడి చేస్తుంది. వేడెక్కిన నేల తాను కూడా కిరణాలను విడుస్తుంది. అయితే సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర వుంటే మన నేల 20, 30 డిగ్రీల దగ్గర వుంటుంది. అంత తక్కువ వేడిలో వున్న వస్తువు విడిచే కిరణాలు కంటికి కనబడవు, వాటి తరంగదైర్ఘ్యం ఎక్కువ. పాఠ్యపుస్తకంలో వీటిని పరారుణ కిరణాలంటాం. ఈ వ్యాసంలో తేలికగా వేడి కిరణాలు అంటాను.

పొడి గాలిలో నూటికి 99 పాళ్లు నత్రజని, ప్రాణవాయువు. ఈ రెండూ వేడి కిరణాలకు అడ్డం రావు. అడ్డం వచ్చేవి కొద్ది పాళ్లలో వుండే నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేను మొదలైనవి. ఇవి నేల విడిచిన వేడి కిరణాలను పీల్చుకొని తిరిగి అన్ని వైపులకూ విడుస్తాయి. కొంత పైకి పోతుంది, కొంత మళ్లీ కిందికి వస్తుంది.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. గాలి కొత్తగా వేడిని పుట్టించదు గదా, మరి నేల ఎందుకు వేడెక్కాలి? దీనికి చెరువు ఉదాహరణ సరిపోతుంది. ఒక చెరువులోకి కాలువ నీరు ఒకే తీరుగా వస్తోంది, తూము గుండా అంతే నీరు బయటికి పోతోంది అనుకోండి. మట్టం కదలదు. ఇప్పుడు తూముకు అడ్డంగా కొద్దిగా చెత్త పడింది. వచ్చే నీరు పెరగలేదు. అయినా మట్టం పెరుగుతుంది. పెరిగిన మట్టం ఒత్తిడికి తూము గుండా మళ్లీ పాత లెక్కన నీరు పోయేదాకా పెరిగి, అక్కడ నిలుస్తుంది. వచ్చే నీరు సూర్యుడి వెలుగు, బయటికి పోయే నీరు నేల విడిచే వేడి కిరణాలు, మట్టం మన ఉష్ణోగ్రత. ఆ వాయువులు తూముకు అడ్డం పడిన చెత్త వంటివి.

ఇదంతా మనకు కీడే అనుకోకూడదు. ఈ అడ్డు బొత్తిగా లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీల కింద వుండేదని లెక్క. ఇప్పుడది సుమారు 15 డిగ్రీలు. ఆ 33 డిగ్రీల తేడా మీదనే మన పైరూ పచ్చా బతుకుతున్నాయి. తూములో చెత్త వుండటం సమస్య కాదు, రోజురోజుకూ పెరగటమే సమస్య.

మొదటి ప్రయోగం: మూత పెట్టిన సీసా

కావలసినవి: ఒకే రకం వెడల్పు మూతి గాజు సీసాలు రెండు, థర్మామీటర్లు రెండు, నల్ల కాగితం. సీసాల అడుగున నల్ల కాగితం పరచాలి. థర్మామీటరు బుడ్డికి నేరుగా ఎండ తగలకుండా చిన్న అట్టముక్క అడ్డం పెట్టాలి. ఇది చాలామంది చెయ్యరు. చెయ్యకపోతే కొలిచేది గాలి వేడిని కాదు, బుడ్డి మీద పడిన ఎండను. ఒక సీసాకు మూత పెట్టి రెండింటినీ ఎండలో అరగంట వుంచాలి.

ఫిబ్రవరి నెలలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను చేసినప్పుడు మూత లేని సీసాలో 37 డిగ్రీలు, మూత వున్నదానిలో 46 డిగ్రీలు వచ్చింది. మూత తీయగానే పది నిమిషాల్లో 39కి దిగింది.

ఇది సెలవుల్లో మా ఇంటి వాకిట్లో చేశాను. నాన్న దగ్గర కూర్చుని అంతా చూసి, "మూత పెట్టావు గనక వేడెక్కింది, బానే వుంది. మూత తీస్తే చల్లారింది. మరి ఆకాశానికి మూత ఎక్కడుందిరా?" అని అడిగారు. నాన్న చదివింది ఐదో తరగతి. కాని ఇటువంటి ప్రశ్ననే 1909లో ఆర్. డబ్ల్యు. ఉడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త వేసి, దానికి ప్రయోగం కూడా చేశాడు.

నల్ల అట్టతో రెండు పెట్టెలు చేసి ఒకదానికి గాజు పలక, రెండోదానికి రాతి ఉప్పు పలక మూత వేశాడు. గాజు వేడి కిరణాలను అడ్డుకుంటుంది. రాతి ఉప్పు అడ్డుకోదు, వాటిని దాటనిస్తుంది. హరితగృహం వేడెక్కేది వేడి కిరణాలు లోపల చిక్కుకోవటం వల్లనే అయితే గాజు పెట్టె బాగా వేడెక్కి, ఉప్పు పెట్టె చల్లగా వుండాలి. కాని సూర్యకాంతిని ముందుగా ఒక గాజు పలక గుండా పంపి రెండు పెట్టెల మీదా పడనిచ్చినప్పుడు రెండూ సుమారు 55 డిగ్రీలకు చేరాయి. తేడా ఒక డిగ్రీ కూడా సరిగా లేదు.

దీని అర్థం ఏమిటి? తోటల్లో వేసే గాజు ఇల్లు ముఖ్యంగా వేడెక్కేది లోపలి వేడి గాలి పైకి లేచి బయటికి పోలేకపోవటం వల్ల. అంటే అక్కడ ఆగిపోయింది సంవహనం. వికిరణం ఆగటం వల్ల వచ్చిన వేడి కొద్దిపాటిది.

మనకు రాతి ఉప్పు పలక దొరకదు. దాని బదులు పలచటి పాలిథీన్ కాగితం వాడవచ్చు. అది కూడా వేడి కిరణాలను చాలావరకు దాటనిస్తుంది. రెండు చెప్పుల పెట్టెలకు లోపల నల్ల కాగితం అంటించి ఒకదానికి కిటికీ గాజు ముక్క, రెండోదానికి పాలిథీన్ బిగించి నాలుగు రోజులు చూశాను. తేడా ఏ రోజూ 2 డిగ్రీలు మించలేదు. ఒక రోజు గాజుది ఎక్కువ, మరొక రోజు పాలిథీన్ ది ఎక్కువ. కాని పెట్టె పైభాగాన పక్కలకు నాలుగు బెజ్జాలు పెడితే మాత్రం రెండూ చప్పున దిగిపోయాయి. ఊళ్లలో పాలిథీన్ కప్పిన నారుమళ్ల షెడ్డులోకి అడుగుపెట్టినవాళ్లకు అందులో ఎంత ఉక్కగా వుంటుందో తెలుసు. అక్కడ గాజు ముక్క ఒక్కటీ లేదు.

కాబట్టి మొదటి ప్రయోగం చెప్పేది ఇంతే: వెలుగు లోపలికి వచ్చి వేడిగా మారుతుంది, వేడి గాలిని కదలనివ్వకపోతే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు సంగతి దీనితో అర్థమవుతుంది. భూమి సంగతి అర్థం కాదు. "హరితగృహ ప్రభావం" అన్న పేరే కొంత తప్పుదారి పట్టించే పేరు. పేరు స్థిరపడిపోయింది గనుక వాడుతున్నాం.

రెండవ ప్రయోగం: తినే సోడా సీసా

ఇది కొంచెం పెద్ద తరగతుల వాళ్లు చేసేది. ఒక సీసాలో మామూలు గాలి, రెండో సీసాలో బొగ్గుపులుసు వాయువు నింపి, రెండింటికీ బిరడాలు బిగించి, ఒకే దూరంలో ఫిలమెంటు బల్బు ముందు పెడతారు. వాయువు తయారీకి తినే సోడా మీద వెనిగర్ గాని నిమ్మరసం గాని పోస్తే చాలు. అయితే ఈ చర్య జరిగేటప్పుడు ద్రవం చల్లబడుతుంది. అందుచేత వేరే సీసాలో వాయువును తయారుచేసి రబ్బరు గొట్టంతో తీసుకోవాలి. అగ్గిపుల్ల వెలిగించి సీసా మూతి దగ్గర పెడితే ఆరిపోవాలి, అప్పుడు నిండినట్టు. ఇరవై నిమిషాలకు బొగ్గుపులుసు వాయువున్న సీసాలో ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ కనిపిస్తుంది.

ఈ ప్రయోగానికి గొప్ప చరిత్ర వుంది. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా స్త్రీ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. మామూలు గాలి 106 డిగ్రీల ఫారన్ హీట్ దగ్గర ఆగితే బొగ్గుపులుసు వాయువు 125కు చేరింది. నీడలోకి తెచ్చినా అది చల్లారటానికి ఎన్నో రెట్లు ఎక్కువ సేపు పట్టింది. గాలిలో ఈ వాయువు ఎక్కువగా వున్న కాలం ఏదైనా వుంటే అప్పుడు భూమి ఇంకా వేడిగా వుండి వుండాలని ఆమె రాసింది. ఆ వ్యాసాన్ని సభలో ఆమె బదులు జోసెఫ్ హెన్రీ చదివాడు. తరవాత చాలాకాలం ఆమె పేరు ఎవరికీ గుర్తు లేదు.

కాని ఇక్కడా ఒక చిక్కు వుంది. బొగ్గుపులుసు వాయువు గాలి కంటె బరువైనది. సీసాలో అది బరువుగా కింద నిలబడి, పైనున్న గాలితో సులువుగా కలవదు. వేడి కదిలే తీరే మారిపోతుంది. 2010లో అమెరికాలో కొందరు ఫిజిక్సు అధ్యాపకులు ఇటువంటి ప్రదర్శననే చెప్పుల పెట్టె అంత పరికరంతో పరీక్షించారు. బొగ్గుపులుసు వాయువు బదులు ఆర్గాన్ పోశారు. ఆర్గాన్ వేడి కిరణాలను పీల్చదు, బరువు మాత్రం రమారమి అంతే. అయినా ఉష్ణోగ్రత అదేవిధంగా పెరిగింది. అంటే చాలా ప్రదర్శనల్లో కనబడే ఒకటి రెండు డిగ్రీలు వాయువు బరువు వల్ల వచ్చినవి. జవాబు సరిపోయింది, లెక్క చేసిన పద్ధతి సరిపోలేదు. మన అధ్యాపకులు ఇటువంటి జవాబుకు మార్కులు వెయ్యరు.

మూడవ ప్రయోగం: మసిగిన్నె, గాజు పలక

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. వెలుగుకు దారి ఇచ్చే వస్తువు వేడి కిరణాలకు అడ్డం రావటం నిజంగా జరుగుతుందా?

2020లో కరోనా వచ్చినప్పుడు గేటు దగ్గర అందరి నుదుటికీ ఒక తుపాకి లాంటిది గురిపెట్టటం గుర్తుండే వుంటుంది. అది వేడి కిరణాలను కొలిచే పరికరం. నుదుటికి వాడేది మన పనికి రాదు, అది ఒంటి వేడి చుట్టుపక్కలే చూపిస్తుంది. ఏసీ మెకానిక్కులు వాడే రకం కావాలి. నేను పట్నంలో తెలిసిన మెకానిక్కు అన్నను అడిగి రెండు రోజులకు తెచ్చుకున్నాను.

కట్టెల పొయ్యి మీద మసిపట్టిన గిన్నెలో నీళ్లు మరగబెట్టాలి. తళతళలాడే స్టీలు గిన్నె పనికిరాదు, మెరిసే లోహం వేడి కిరణాలను సరిగా విడవదు. గిన్నె దించి, తుపాకిని ఒక అడుగు దూరం నుంచి గురిపెడితే 88 డిగ్రీలు చూపింది. మధ్యలో కిటికీ గాజు పలక అడ్డం పెట్టగానే 33 అయింది. గిన్నె గాజు గుండా కంటికి చక్కగా కనబడుతూనే వుంది, పరికరానికి మాత్రం కనబడటం లేదు. అది చూస్తున్నది గాజు పలకను. గాజు తీసి పలచటి పాలిథీన్ సంచిని ఒకే పొర వచ్చేట్టు పట్టుకుంటే 78 చూపింది. పాలిథీన్ కు గిన్నె కనబడుతోందన్న మాట.

గాజు బదులు వాయువును పెట్టి ఇదే పరీక్ష చేసినవాడు జాన్ టిండాల్. 1859లో లండన్ లోని రాయల్ ఇన్ స్టిట్యూషన్ లో పొడవాటి ఇత్తడి గొట్టం తీసుకొని, రెండు కొసలకూ రాతి ఉప్పు పలకలు బిగించాడు. గాజు ఎందుకు బిగించలేదో మసిగిన్నె ప్రయోగం చేసినవాళ్లకు చెప్పనక్కర లేదు. ఒక కొస దగ్గర మసిపూసిన వేడినీళ్ల పెట్టె, రెండో కొస దగ్గర వేడి కిరణాలను విద్యుత్తుగా మార్చే థర్మోపైల్, దానికి గాల్వనోమీటరు. గొట్టంలో నత్రజని, ప్రాణవాయువు నింపితే ముల్లు దాదాపు కదలలేదు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు నింపితే కదిలింది. గాలి కదలికతో గాని, బరువుతో గాని దీనికి సంబంధం లేదు. ఇదీ నిలబడే సాక్ష్యం.

"గాలిలో పదిలక్షల పాళ్లలో నాలుగు వందల చిల్లర పాళ్లే గదా బొగ్గుపులుసు వాయువు, అదేం చేస్తుంది?" అని అడిగేవాళ్లకు ఒక చిన్న లెక్క. మన నెత్తి మీద వున్న గాలిలోంచి ఆ వాయువును ఒక్కదాన్నే వేరుచేసి నేలమీద పరిస్తే దాని మందం మూడు మీటర్లకు పైగా వుంటుంది. టిండాల్ గొట్టం అంతకంటె పొట్టిది.

నాలుగవ ప్రయోగం: రాత్రి కల్లంలో

ఇప్పటివరకూ చెప్పినవన్నీ పగటి ప్రయోగాలు, బల్ల మీద ప్రయోగాలు. నా దృష్టిలో హరితగృహ ప్రభావాన్ని చూడవలసింది రాత్రి పూట, ఆరుబయట. రాత్రి సూర్యుడు లేడు, వచ్చే నీరు కట్టేసినట్టే. తూము ఎంత తెరుచుకొని వుందో అప్పుడే తెలుస్తుంది.

మిరప రైతులందరికీ తెలిసిన పని ఒకటి వుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కల్లంలో ఆరబోసిన కాయల మీద సాయంత్రం పట్టా కప్పుతాం. కప్పకపోతే మంచుకు తడిసి కాయ రంగు చెడుతుంది, తాలుకాయ ఎక్కువవుతుంది, ధర పడిపోతుంది. మబ్బు పట్టిన రాత్రి మాత్రం మంచు పడదని పెద్దవాళ్లు నిశ్చింతగా వుంటారు. ఇది ఎందుకో 1814లో విలియం వెల్స్ అనే డాక్టరు మంచు మీద రాసిన గ్రంథంలో వివరించాడు. నాలుగు కాళ్ల మీద ఒక పలకను ఎత్తిపెట్టి, పలక పైనా, కిందా సమానమైన బరువు గల ఉన్ని వుంచి, తెల్లవారి తూచి చూశాడు. పలక కింది ఉన్ని చాలా తక్కువ తడిసింది. మంచు పైనుంచి వానలా పడటం లేదు. ఆకాశం వైపు తెరుచుకొని వున్న వస్తువు తన వేడిని కిరణాలుగా పోగొట్టుకొని, చుట్టూ వున్న గాలి కంటె చల్లబడి, ఆ చల్లదనానికి గాలిలోని ఆవిరి దాని మీద నీరవుతోంది.

దీన్నే నేను మా కల్లంలో థర్మామీటర్లతో చేశాను. నేల మీద వరిగడ్డి పరిచి ఒక థర్మామీటరు ఆరుబయట పెట్టాను. ఆరడుగుల దూరంలో నాలుగు వెదురు బొంగులు పాతి, నడుమెత్తున పట్టా కట్టి, దాని కింద గడ్డి మీద రెండోది. చుట్టూ నాలుగు వైపులా ఖాళీయే, గాలి ఆడుతూనే వుంది. మూడోది పందిరి బొంగుకు గాలిలో వేలాడదీశాను. జనవరిలో మబ్బులేని ఒక రాత్రి, తెల్లవారుజామున నాలుగున్నరకు చూస్తే గాలిలో 17, పట్టా కింద 16 న్నర, ఆరుబయట గడ్డి మీద 13 న్నర. ఆరుబయట గడ్డి పిండితే నీళ్లు వచ్చేట్టు వుంది, పట్టా కింద గడ్డి పొడిగా వుంది. అదే వారంలో మబ్బు కమ్మిన రాత్రి మూడింటికీ మధ్య తేడా ఒక డిగ్రీ లోపే.

దీనిలో మూత లేదు, సీసా లేదు, గాలిని ఆపిందీ లేదు. పట్టా వేడిని పుట్టించదు. అయినా దాని కింద మూడు డిగ్రీలు ఎక్కువ. కారణం ఒకటే. ఆరుబయట గడ్డికి ఎదురుగా వున్నది చల్లటి ఆకాశం, పట్టా కింద గడ్డికి ఎదురుగా వున్నది గాలి వేడిలో వున్న పట్టా. గడ్డి పైకి విడిచిన దానికి బదులుగా పట్టా కిందికి విడుస్తోంది. మబ్బు పట్టిన రాత్రి ఆ పట్టా పని మబ్బు చేస్తుంది.

నాన్న అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే. ఆకాశానికి మూత లేదు, పందిరి వుంది.

ఆకాశం ఎంత చల్లగా వుంటుందో చూడటానికి మెకానిక్కు తుపాకిని నిట్టనిలువుగా పైకి గురిపెట్టాను. నిర్మలమైన రాత్రి సున్నాకు 6 డిగ్రీల కింద చూపింది. మబ్బు రాత్రి 14 డిగ్రీలు చూపింది. ఈ చల్లటి ఆకాశాన్ని వాడుకునే అలహాబాదు ప్రాంతంలో లోగడ ఐసు తయారుచేసేవారు. పల్లపు గుంటల్లో గడ్డి, చెరుకు ఆకు పరిచి, వాటి మీద లోతులేని మట్టి పాత్రల్లో నీళ్లు పోసి వుంచితే తెల్లవారేసరికి గడ్డకట్టేవి. రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు అధికారి 1775లో ఈ పద్ధతిని లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ తుపాకి సాధారణంగా 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలనే చూస్తుంది. బొగ్గుపులుసు వాయువు గట్టిగా పీల్చుకొనేది 15 మైక్రాన్ల దగ్గర. కాబట్టి మన పరికరం చూపిన తేడా ముఖ్యంగా నీటి ఆవిరి, మబ్బు పందిరిది. బొగ్గుపులుసు వాయువు పందిరిని చూడాలంటే పైనుంచి చూడాలి. 1970లో అమెరికా ప్రయోగించిన నింబస్ 4 ఉపగ్రహం భూమి నుంచి బయటికి పోయే వేడి కిరణాలను తరంగదైర్ఘ్యాల వారీగా కొలిచింది. ఆ పటంలో సరిగ్గా 15 మైక్రాన్ల దగ్గర పెద్ద గొయ్యి వుంది. 1997లో జపాను ఉపగ్రహం తీసిన కొలతలను 1970 నాటి వాటితో పోల్చి 2001లో ప్రకటించారు. బొగ్గుపులుసు వాయువు, మీథేను పీల్చుకొనే చోట్ల బయటికి పోయే కిరణాలు తగ్గాయి. టిండాల్ గొట్టం ప్రయోగాన్ని భూమి అంతటికీ చేసినట్టే ఇది.

రైతుకు దీంతో పనేమిటి?

1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనాలోవా కొండ మీద గాలిలో బొగ్గుపులుసు వాయువును కొలవటం మొదలుపెట్టినప్పుడు అది పదిలక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. 1850-1900 మధ్య కాలంతో పోలిస్తే 2011-2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలు ఎక్కువ. ఒక డిగ్రీకి ఇంత గొడవా అనిపించవచ్చు. మనకు మేనెలలో 44 కొత్త కాదు. కాని పైరుకు పగటి ఎండ ఒక్కటే కాదు, రాత్రి చల్లదనం కూడా లెక్కే.

వరి పగలు వెలుగుతో పిండిపదార్థం తయారుచేసుకుంటుంది. రాత్రి శ్వాసక్రియలో కొంత ఖర్చు పెట్టుకుంటుంది. రాత్రి వెచ్చగా వుంటే ఆ ఖర్చు పెరుగుతుంది. గింజలోకి పోవలసింది ఊపిరికి పోతుందన్న మాట. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తమ క్షేత్రంలోని లెక్కలను 2004లో ప్రకటించింది. 1979 నుంచి 2003 వరకు అక్కడ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 0.35 డిగ్రీలు పెరిగితే, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 1.13 డిగ్రీలు పెరిగింది. ఎండాకాలపు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి నూటికి 10 పాళ్లు తగ్గింది.

అది ఒక్క క్షేత్రం లెక్క, మన నేలకు అచ్చంగా అదే వర్తిస్తుందని నేను అనటం లేదు. కాని ఆ లెక్కన ఎకరాకు 30 బస్తాలు పండేచోట 3 బస్తాలు పోతే దాని అర్థం ఏమిటో కౌలు రైతును అడగండి. పంట తగ్గిందని కౌలు తగ్గదు, ఎరువుల కొట్లో బాకీ తగ్గదు. అన్నీ పోను ఇంటికి వచ్చేవి ఆ మూడు నాలుగు బస్తాలే. మాగాణిలో మూడోవంతు మేమూ కౌలుకు చేస్తున్నాం.

మన పొలానిదీ ఇందులో కొంత వాటా వుంది. నీళ్లు నిలవగట్టిన వరి మడిలో గాలి ఆడని బురదలో మీథేను పుడుతుంది. ఎప్పుడూ నీరు నిలపకుండా ఆరుతడిగా పెడితే అది తగ్గుతుందనీ, నీరు కూడా ఆదా అవుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. బొగ్గు, పెట్రోలు వాటా ముందు ఇది చిన్నదే. అయినా చిన్నదని వదిలెయ్యవలసిన పని లేదు.

జూనియర్ మిత్రులకు మనవి

సీసాల ప్రయోగం మానెయ్యమని నేను చెప్పను. చెయ్యండి. కాని దాని పక్కనే పాలిథీన్ పెట్టె కూడా పెట్టండి. చూడవచ్చినవాళ్లు "రెండూ ఒకేలా వేడెక్కాయేమిటి?" అని అడిగితే, అక్కడి నుంచి మొదలుపెట్టి మసిగిన్నె చూపించండి, ఆ తరవాత రాత్రి కొలతల కాగితం చూపించండి. మొదట ప్రశ్న పుట్టాలి, తరవాత జవాబు రావాలి. అట్ట మీద రంగు అక్షరాలు ఆ పని చెయ్యలేవు.

రెండో మనవి. రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టే థర్మామీటరు పెద్ద ఖరీదు కాదు. ఫిజిక్సు డిపార్టుమెంటు వారి అనుమతితో మన కళాశాల తోటలో, ఎండ తగలని గాలి ఆడే చెక్కపెట్టెలో ఒకటి పెట్టాం. కొలత తీసే వేళ ఉదయం ఎనిమిది గంటలు. తేదీ, కనిష్ఠం, గరిష్ఠం, ఆ రాత్రి మబ్బు వుందా లేదా, గడ్డి మీద మంచు వుందా లేదా అని అయిదు గడులు. ఒక్క ఏడాది అంకెలతో ఏదీ తేలదు. పది బ్యాచీలు విడవకుండా రాస్తే అది మన ఊరి లెక్క అవుతుంది, ఫిలిప్పీన్సు లెక్క అడగనక్కర లేదు.

నేను ఈ వేసవికి కళాశాల వదిలిపోతున్నాను. రిజిస్టరు లాబొరేటరీలో రెండో బీరువా పై అరలో వుంది. మొదటి 211 రోజులు నిండాయి, మిగతా పేజీలు ఖాళీగా వున్నాయి. సెలవుల్లో కూడా ఊళ్లోనే వుండే మిత్రులెవరైనా ముందుకు వస్తే బీరువా తాళం ఎవరి దగ్గర అడగాలో అటెండరు గారు చెబుతారు.